నాటినవారు సరే, నీళ్లు పోసేవారేరీ?

పదేళ్లు దాటినా ఆ పర్యావరణ ఆదివారం మాకు ఇంకా గుర్తే. అప్పట్లో ఆళ్లగడ్డ వైపు ఒక పల్లె సంఘంలో సేవ చేస్తున్నాం. జూన్ మొదటి వారం. ఆరాధన కాగానే సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వారు, సండే స్కూలు పిల్లలు అందరం కలిసి మందిర ఆవరణలోనూ, దాన్ని ఆనుకొని ఉన్న సమాధుల తోటలోనూ 150 మొక్కలు నాటాం. కానుగ, వేప, నేరేడు, చింత. మొక్క మొక్కకీ ఫొటో తీయించుకున్నాం. ప్రార్థన చేశాం, పిల్లలకు మిఠాయి పంచాం. ఆదికాండము రెండవ అధ్యాయం మీద మేము చేసిన ప్రసంగం బాగుందని ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు కూడా. ఆ ఏడు వానలు వెనకబట్టాయి. క్రిస్మస్‌కు సున్నం వేయిద్దామని ఆవరణ శుభ్రం చేయిస్తూ లెక్కపెట్టాం. బతికినవి 11.

ఆ పదకొండూ ఒకే చోట ఉన్నాయి. సమాధుల తోట తూర్పు మూల. మిగతా చోటంతా ఎండిన పుల్లలు, వాటి చుట్టూ కట్టిన కంప. ఆ మూలన మాత్రం కానుగ మొక్కలు మోకాలెత్తు పెరిగి పచ్చగా ఉన్నాయి. అక్కడ నేలలో ఏదో చెమ్మ ఉందేమో అనుకున్నాం. విచారిస్తే తెలిసిందేమిటంటే, ఆ గోడ అవతల ఒక అవ్వ ఉంటుంది. కూలికి పోయే విధవరాలు. ఆమె భర్తను ఆ మూలనే సమాధి చేశారు. బియ్యం కడిగిన నీళ్లు, పాత్రలు తోమిన నీళ్లు ఒక బిందెలో పోగుచేసి, రోజూ పొద్దుగూకే వేళకు తెచ్చి మొక్కలకు పోసేదట. ఆరు నెలలపాటు ఈ పని జరిగినా సంఘ కాపరికి తెలియలేదు. మొక్కలు నాటినవారికి మేము వందనాలు చెప్పిన జాబితాలో ఆమె పేరు లేదు.

సిగ్గుపడుతూనే వెళ్లి అడిగాం. ఆమె నవ్వి, “నాటేది ఒగ దినం పని గదా అయ్యగారూ, ఆ పొద్దు అందరూ వొచ్చిరి. నీళ్లు పోసేది దినామూ పని. దానికెవురొస్తారు?” అన్నది.

తాను నాటానని, అపొల్లో నీళ్లు పోశాడని, వృద్ధి కలుగజేసినవాడు దేవుడని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 3:6). ఆ వాక్యం మీద మేము ఎన్నోసార్లు బోధించాం, అదీ ఎప్పుడూ సువార్త పని గురించే. సందర్భాన్ని బట్టి అది సరైన బోధే, కాదనము. అయితే ఆ అవ్వ మాట విన్న తర్వాత ఆ వచనంలో అపొల్లో చేసిన పని మీదికే మా దృష్టి పోతోంది. నాటడానికి ఒక ఆదివారం చాలు. తర్వాత ఎన్ని వారాలు?

ప్రియులారా, మన నంద్యాల జిల్లాలో అలా ఆలస్యంగా కళ్లు తెరిచిన చోటు ఒకటుంది. మిడుతూరు మండలంలోని రోళ్లపాడు. బట్టమేక పక్షి కోసం 1988లో, అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో, 614 హెక్టార్ల గడ్డి మైదానాన్ని అక్కడ అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక అంటే చిన్న పిట్ట కాదు. మీటరు ఎత్తు ఉంటుంది. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షులన్నిటిలో బాగా బరువైన వాటిలో అదొకటి. చెట్టెక్కదు, గూడు కట్టదు. నేల మీదే సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. పశువు కాలు పడినా, కుక్క మూతి తగిలినా ఆ ఏటికి సంతానం లేనట్టే. 2011 నుంచి ప్రపంచ స్థాయిలో దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపే అని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో ఉన్నాయి.

ఒక ఫిబ్రవరిలో సంఘ యవ్వనస్థులను పదిమందిని వెంటబెట్టుకొని రోళ్లపాడు వెళ్లాం. బట్టమేక కనబడలేదు. కొన్నేళ్లుగా అక్కడ అది కనబడటమే గగనమైంది కాబట్టి మేమూ ఆశపెట్టుకోలేదు. కృష్ణజింకలు మాత్రం కనిపించాయి, మందలు మందలుగా. పిల్లలు సంతోషించారు. ఆ సంతోషాన్ని పక్క పొలంలో ఉన్న రైతు ఎక్కువసేపు ఉండనివ్వలేదు. “పక్షి పేరు జెప్పి జింకల్ని సాకుతాండారు, అదీ మా చేను మేపి” అన్నాడాయన. ఆయన కోపంలో న్యాయముంది. ఈ ప్రాంతానికి సాగునీటి కాలువలు వచ్చాక మెట్ట పొలాల తీరు మారింది. జొన్న చేలల్లో, బీడు భూముల్లో తిరిగే పక్షికి చోటు తగ్గింది. కాపలా దొరికిన జింకలేమో పెరిగి, గడ్డి చాలక పొలాల మీద పడ్డాయి. ఎవరి కోసం ఆ నేలను కేటాయించారో ఆ పక్షి తరిగిపోయింది. నష్టం రైతు భరించాడు. కంచె వేసిన మొదటి రోజున ఈ రైతును పిలిచి కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో!

నిర్గమకాండము 23:10, 11 వచనాలు చదివితే ఒక సంగతి కనబడుతుంది. ఏడవ ఏట భూమిని బీడుగా విడిచిపెట్టమని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించాడు. దాని మీద మొలిచింది ముందు బీదలు తినాలి, మిగిలింది అడవి మృగాలు తినాలి. బీదవాడూ మృగమూ ఒకే వచనంలో, ఒకే పొలంలో ఉన్నారు. మనం ఆ ఇద్దరినీ విడదీసి ఒకరి మీదికి ఒకరిని తోలుతున్నాం. జింక కావాలనేవారు రైతును మరచిపోతారు, రైతు పక్షాన మాట్లాడేవారు జింకను విషమిచ్చి చంపినా ఊరకుంటారు.

రోళ్లపాడు నుంచి తిరిగి వస్తూ దారిలో యవ్వనస్థులకు ఇంకో పక్షి కథ చెప్పాం. ఆళ్లగడ్డ నుంచి కడప రోడ్డు పట్టుకొని చాగలమర్రి దాటితే మైదుకూరు, అక్కడి నుంచి బద్వేలు వైపు పోతే లంకమల కొండలు వస్తాయి. ఆ కొండల కింది చిట్టడవిలో కలివికోడి ఉంటుంది. జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు 1848లో దాన్ని లోకానికి తెలియజేశాడు. ఆ తర్వాత చూసిన కొద్దిమందిలో చివరివాడు, 1900లో, ఒక మిషనరీ. లండన్ మిషన్ వారి తరఫున కడప, గుత్తి ప్రాంతాల్లో సేవ చేసిన విలియం హోవర్డ్ క్యాంప్‌బెల్. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి పేరు విననివారు మన వైపు ఉండరు. ఆ పేరు మోస్తున్న డాక్టర్ విన్సెంట్ క్యాంప్‌బెల్ ఈయన సోదరుడే. వాక్యం చెప్పడానికి పల్లెలు తిరుగుతూ హోవర్డ్ క్యాంప్‌బెల్ పక్షులనూ సీతాకోకచిలుకలనూ గమనించి రాసిపెట్టేవాడు. అదేమీ ఆయన సేవకు అడ్డు రాలేదు. సెమినరీలో మిషన్ల చరిత్ర చదివిన మాకు ఈ సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. పక్షుల గురించి చదివితేనే తెలిసింది!

ఆయన చూసిన తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. కలివికోడి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ కనుగొన్నారని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే. అయితే ఆ రాత్రి పక్షిని పట్టుకొచ్చింది ఐతన్న అనే స్థానికుడు, పిట్టలు పట్టడం తెలిసినవాడు. దొరికిన పక్షి కొద్దిరోజులకే చనిపోవడం బాధాకరం. కానీ అది బతికే ఉన్న జాతి అని రుజువైంది. లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. తర్వాత 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ దాని నివాసం మీదుగా తవ్వబోతే గొడవ జరిగి, చివరికి కాలువ దారి మార్చారు. ఆ తర్వాత మళ్లీ చాలా ఏళ్లు జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు మన రాష్ట్రంలోనే రాత్రివేళ దాని కూతను రికార్డు చేశారు. చదువుకున్నవారు 86 ఏళ్లు వెదికినా, ఆ పక్షి ఎక్కడ తిరుగుతుందో తెలిసినవాడు పక్క పల్లెలోనే ఉన్నాడు, అడగవలసి వచ్చింది అంతే.

ఆ ప్రయాణం తర్వాత యవ్వనస్థులే ఒక మాట అన్నారు. ప్రతి శనివారం రెండు గంటలు ఏదైనా పని చేద్దాం, ఫొటోలు వద్దు. ఊరి బయట ఒక కుంట ఉంది. దానికి నీళ్లు తెచ్చే వంక నిండా సర్కారు తుమ్మ. వాన పడినా నీళ్లు కుంటకు చేరకుండా పక్కకు పోతున్నాయి. పంచాయతీని అడిగి పనిలోకి దిగాం. మొదట్లో పద్నాలుగు మంది. మా సంఘంవారు తొమ్మిది మంది, రిటైరైన ఒక పంతులుగారు, పాములు పట్టడం తెలిసిన ఒక ముస్లిం మెకానిక్ కుర్రవాడు, అతని స్నేహితులు. తుమ్మ నరికితే పోయే చెట్టు కాదు. మొదలు మిగిలితే పది పిలకలు వేస్తుంది. మట్టి తవ్వి వేరు మొదలు పెకిలించాలి. గడ్డపార పట్టిన మొదటి శనివారమే మా అరచేతులు బొబ్బలెక్కాయి. మరునాడు బల్ల దగ్గర రొట్టె విరుస్తుంటే చేతులు మండాయి.

ఈ తుమ్మ చరిత్ర కూడా చెప్పుకోదగ్గదే. ఇది మన చెట్టు కాదు. 1870 దశకంలో మద్రాసు అటవీ అధికారులు ఎండు ప్రాంతాల్లో వంటచెరకు కోసం పరదేశం నుంచి విత్తనం తెప్పించారు. మొదట నాటిన చోట్లలో ఒకటి మన పొరుగునే ఉన్న కడప జిల్లా కమలాపురం. వారి ఉద్దేశం మంచిదే. ఆ తర్వాత ఎవరూ నాటనక్కర లేకపోయింది. మేకలూ పశువులూ దాని కాయలు తింటాయి, పేడతో విత్తనం ఊరూరా పడుతుంది. బీళ్లు, చెరువు కట్టలు, కాలువ గట్లు అన్నీ దానివే.

మూడో శనివారం మా సంఘ స్త్రీలే ఇద్దరు వచ్చి పనికి అడ్డం నిలబడ్డారు. “మీ ఇండ్లలో గ్యాసు ఉండాది అయ్యగారూ. మా పొయ్యి మండేది ఈ కంపతోనే. ఇది గూడా పెరికేస్తే మేం యాడికి పోవల్ల?” అన్నారు. వారిద్దరూ ప్రతి ఆదివారం ముందు వరుసలో కూర్చునేవారు. వారి ఇంటి పొయ్యిలో ఏమి మండుతుందో మాకు తెలియదు. రోళ్లపాడు రైతు గురించి అంత బాధపడ్డ మేము అదే పొరపాటు మా వాకిట్లో చేశాం. నరకడం అక్కడే ఆపేశాం.

మూడు వారాలు పని సాగలేదు. మాట్లాడుకోవడమే. ఆ మాటల్లోకి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. మన విశ్వాసి కాదు, పక్క ఊరివాడు, అరవై దాటినవాడు. తన జీవాలకు ఎండాకాలంలో తుమ్మకాయే ఆధారమని ఆయన కూడా మొదట మమ్మల్ని ఆక్షేపించాడు. తర్వాత ఆయనే దారి చెప్పాడు. వంకలోనూ కుంట అలుగు దగ్గరా మాత్రం తీసేయండి, మెరక మీద వదిలేయండి, మెరక మీది చెట్టును ఏటా కొమ్మలు కొట్టుకుంటే పొయ్యికి కొరత రాదు అన్నాడు. నీరు ఏ రాయి పక్కనుంచి పారేదో, ఏ చోట మట్టి పూడిందో ఆయనకు తెలుసు. పెకిలించిన కట్టెంతా ఆ ఇద్దరు స్త్రీలు, వారి వాడకట్టువారు తీసుకొనేట్టు ఒప్పుకున్నాం. ఆ తర్వాత వారే కొడవళ్లు పట్టుకొని వచ్చారు. ముల్లు గుచ్చుకోకుండా కంప ఎలా ఈడ్చాలో కాలేజీ కుర్రాళ్లకు నేర్పింది వారే.

ఇక సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. ఆత్మల రక్షణ వదిలి అయ్యగారు చెట్ల రక్షణలో పడ్డారని ఒక పెద్ద కమిటీలో అడిగారు. జవాబుగా మేము ఆదికాండము 2:15 తెరిచాం. దేవుడు నరుణ్ని తోటలో ఉంచింది రెండు పనుల కోసం. సాగు చేయడానికి, కాయడానికి. ఆ రెండో పనికి హెబ్రీలో ‘షామర్’ అనే మాట వాడారు. కయీను తన తమ్ముడికి తాను కావలివాడనా అని ఎదురడిగినప్పుడు వాడినదీ ఆ మాటే (ఆది 4:9). అహరోను ప్రజలను దీవించేటప్పుడు, యెహోవా కాపాడాలని కోరినదీ (సంఖ్యా 6:24), నూట ఇరవై ఒకటవ కీర్తనలో మళ్లీ మళ్లీ వినిపించేదీ అదే. తోటలోని ఆ రెండు క్రియలనే లేవీయులు ప్రత్యక్షపు గుడారంలో చేసే సేవకూ వాడారు (సంఖ్యా 3:7, 8). అంటే ఆదాముకిచ్చిన తోటపని గుడారపు సేవలాంటిదే. మన తెలుగులోనూ చూడండి, ‘కాపరి’ అనే మాట ‘కాయు’ నుంచి వచ్చిందే. మందను కాసేవాడికి నేల సంగతి పట్టనక్కర లేదంటే ఆ మంద మేసేదెక్కడ?

1983లో పీటర్ హారిస్ అనే ఆంగ్లికన్ కాపరి, ఆయన భార్య మిరాండా ఇంగ్లండులో సంఘ సేవ విడిచి పోర్చుగల్ దక్షిణ తీరానికి వెళ్లి, పక్షులను గమనించే ఒక చిన్న కేంద్రం మొదలుపెట్టిన సంగతి కూడా చెప్పాం. ‘ఆ రోషా’ అనే ఆ క్రైస్తవ సంస్థ తర్వాత పలు దేశాలకు వ్యాపించింది, మన దేశంలోనూ ఉంది. ఆ ఇంట్లో వంట చేసి, పక్షుల కాళ్లకు గుర్తులు కట్టి, లెక్కలు రాసినవారిలో ఎందరో స్వచ్ఛందంగా వచ్చినవారు.

వాక్యంతో ఆ పెద్దకు జవాబు చెప్పగలిగాం. కానీ ఆయన మాటలో ఒక ముక్క మమ్మల్ని ఇప్పటికీ గుచ్చుతుంది. ఒక శనివారం మంచం పట్టిన ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వస్తామని చెప్పి, వంక పని సగంలో ఉందని సోమవారానికి వాయిదా వేశాం. సోమవారం వెళ్లేసరికి ఆయనకు మాట పడిపోయింది. మా గొంతు గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు, అంతే. ఆ రోజు గడ్డపార పక్కన పడేసి వెళ్లవలసింది. చెట్టు రెండు రోజులు ఆగేది. దీన్ని సమర్థించుకోవడానికి మాకు హెబ్రీ మాట ఏదీ దొరకలేదు.

ఆ ఏడు అక్టోబరులో వాన పడి వంక పారింది. కుంట అలుగు దాకా నిండలేదు గానీ సంక్రాంతి దాటేవరకు నీళ్లున్నాయి. నీళ్లున్నాయని కొంగలు వచ్చాయి, నీళ్లకోళ్లు వచ్చాయి. ఊళ్లో రెండు చేతిపంపులు ఆ వేసవిలో ఎండిపోలేదని జనం అన్నారు. అది కుంట వల్లనో, మంచి వానల వల్లనో మేము తేల్చి చెప్పలేం. మరుసటి ఏడు తుమ్మ మళ్లీ మొలిచింది. మళ్లీ పెరికాం. కాలేజీ అయిపోయిన పిల్లలు హైదరాబాదుకు, బెంగళూరుకు పోయారు. పద్నాలుగు మంది ఏడుగురయ్యారు. మాకు నంద్యాలకు బదిలీ అయింది. తర్వాత వచ్చిన అయ్యగారికి ఆసక్తి ఉంది గానీ ఆయనకు ఐదు పల్లెలున్నాయి. ఇప్పుడు క్రమంగా వచ్చేది నలుగురు. మెకానిక్, పంతులుగారు, అప్పట్లో మాకు అడ్డం నిలబడిన ఆ ఇద్దరు స్త్రీలు. గొర్రెల కాపరిని లెక్కలో వేయలేదు. ఆయన శనివారం అని కాదు, రోజూ అటే తిరుగుతుంటాడు.

కానుగ మొక్కలకు నీళ్లు పోసిన అవ్వ రెండేళ్ల కిందట ప్రభువునందు నిద్రించింది. సమాధి కార్యక్రమానికి మమ్మల్నే పిలిచారు. భర్త పక్కనే గుంట తవ్వుతుంటే కానుగ వేర్లు అడ్డం వచ్చి ఇద్దరు మనుషులకు రెండు గంటలు ఎక్కువ పట్టింది. తవ్వేవాళ్లు విసుక్కున్నారు. వచ్చిన జనమంతా ఆ చెట్ల నీడనే నిలబడ్డారు. అది ఏప్రిల్ నెల, మిగతా తోటలో నీడ లేదు.

మొన్న గొర్రెల కాపరి ఎవరి ఫోనుతోనో మాట్లాడాడు. వంక మొదట్లో తుమ్మ పిలకలు జానెడు లేచాయి, ముదరక ముందే రండి అని చెప్పాడు. శనివారం వస్తామన్నాం. శనివారం సంఘంలో పెళ్లి ఉందని తర్వాత గుర్తొచ్చింది. సోమవారం నంద్యాల నుంచి ఇద్దరు కుర్రాళ్లను తీసుకొని పోయేసరికి ఆయన సగం పెరికేసి, పిలకలన్నీ గట్టు మీద ఆరబెట్టి, అటు పక్క గొర్రెలు తోలుకుంటున్నాడు.